ఆఫ్రికాలో బడులు ఎవరు కట్టారు? ఒక రేకు డబ్బాలో రసీదులు చూశాక వచ్చిన ప్రశ్న

నైరోబీ_వాసి:

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళుగా నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన ఆదివారం మా ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి మురాంగా దగ్గర వాళ్ళ ఊరికి భోజనానికి పిలిస్తే వెళ్ళాం. వాళ్ళ నానమ్మకి ఎనభై ఆరేళ్ళు. మాటల్లో చదువుల సంగతి వచ్చేసరికి ఆవిడ లోపలికెళ్ళి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. నగలో ఫొటోలో ఉంటాయనుకున్నా. అన్నీ రసీదులే. 1969 నుంచి 1976 దాకా ఊళ్ళో హరాంబీ సెకండరీ స్కూలు, అంటే ఊరంతా చందాలేసుకుని కట్టుకునే బడి, కట్టడానికి ఇచ్చిన చందాల రసీదులు. ఒకదాంట్లో పది షిల్లింగులు, ఇంకోదాంట్లో ఇరవై, ఒకదాంట్లో మేక ఒకటి అని రాసి ఉంది. ఆవిడకి చదవడం రాదు. అయినా కాగితం చేతిలోకి తీసుకోగానే ఇది పైకప్పు రేకులకి, ఇది బెంచీలకి, ఇది మాస్టారి జీతానికి అని చెప్పేస్తోంది, మడత చూసి గుర్తుపడుతుందట.

ఇంటికొచ్చాక అదే ఆలోచన. ఆఫ్రికాలో చదువు అనగానే మనం చదివింది ఒక్కటే ముక్క: తెల్లవాళ్ళొచ్చి బడులు పెట్టారు, స్వాతంత్ర్యం వచ్చాక నాయకులు పాడు చేశారు. ఈ డబ్బా ఆ కథలో ఎక్కడా ఇమడదు. ఇక్కడ చరిత్ర చదివినవాళ్ళున్నారు, ఆఫ్రికాలో ఉన్నవాళ్ళున్నారు. కెన్యాదే కానక్కర్లేదు, తెలిసింది రాయండి.

మిషన్_బడి_పిల్లాడు:

మంచి విషయం ఎత్తారండీ. కానీ ఒకటి ముందే చెప్తాను. నేను చదివింది గుంటూరు జిల్లాలో మిషన్ బడిలోనే, మా నాన్న కూడా అక్కడే. ఆ బడి లేకపోతే మా ఇంట్లో అక్షరం లేదు. ఆఫ్రికాలో అయినా అంతే కదా. మొంబాసా దగ్గర రబాయిలో 1840లలోనే క్రాఫ్ అనే మిషనరీ వచ్చి అక్కడి స్వాహిలీ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. చాలాచోట్ల మొదటి పుస్తకం, మొదటి పలక, మొదటి ఆసుపత్రి వాళ్ళవే. ఈమధ్య ఎవరిని చూసినా మిషన్లని తిట్టడమే పనిగా పెట్టుకున్నారు. నాకది బాధగా ఉంటుంది.

ఓరుగల్లు_చరిత్ర:

మీ బాధ అర్థమైంది అన్నా, దాన్ని కాదనను. మొదటి బడులు చాలావరకు మిషన్లవే. నేను ఎం.ఏ.లో తూర్పు ఆఫ్రికా మీద పేపర్ చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

బడి ఎవరు పెట్టారు అన్నదానికంటే లోపల ఏం నేర్పారు, ఎంతవరకు నేర్పి ఆపేశారు అన్నది ముఖ్యం. విక్టోరియా సరస్సు దగ్గర మసేనో బడి 1906లో మొదలైంది. 1908లోనే పిల్లలు సమ్మె చేశారు. ఎందుకో తెలుసా? పొలం పనీ కాయకష్టం ఎక్కువైంది, మాకు చదవడం రాయడం ఎక్కువ నేర్పండి అని. బడి మొదలై రెండేళ్ళు! అంటే అక్కడి పిల్లలకి మొదటినుంచీ తెలుసు, తమకి పెడుతున్నది సగం అన్నమేనని.

తర్వాత 1924లో అమెరికా నుంచి ఫెల్ప్స్ స్టోక్స్ కమిషన్ తూర్పు ఆఫ్రికాకి వచ్చింది. అందులో గోల్డ్ కోస్ట్, అంటే ఇప్పటి ఘనాకి చెందిన జేమ్స్ అగ్రీ కూడా సభ్యుడు. చాలా గొప్ప వక్త, ఆయన్ని చూసి ఎంతోమంది కుర్రాళ్ళు మేమూ ఇంత చదవాలి అనుకున్నారు. కానీ కమిషన్ చెప్పిందేమో, ఆఫ్రికావాళ్ళ చదువు వాళ్ళ పల్లె బతుక్కి తగ్గట్టు ఉండాలి, వ్యవసాయం, వడ్రంగం, పారిశుద్ధ్యం ప్రధానంగా ఉండాలి అని. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళ కోసం నడిపిన పద్ధతి ఇది. మరుసటేడు కబేటెలో జీన్స్ స్కూల్ పెట్టి దాని ప్రకారం టీచర్లని తయారుచేయడం మొదలుపెట్టారు. వినడానికి బాగానే ఉంటుంది, పని నేర్పే చదువు మంచిదేగా అంటాం. కానీ అదే కాలనీలో తెల్లపిల్లలకి వేరే బడులు, మన భారతీయుల పిల్లలకి వేరే బడులు, ఆఫ్రికా పిల్లలకి వేరే. మూడు అంతస్తులు. పై అంతస్తు పిల్లాడికి వడ్రంగం నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు. మన గుజరాతీ, పంజాబీ కుటుంబాల పిల్లలు మధ్య అంతస్తులో ఉన్నారన్నది కూడా మనం దాచుకోకూడదు.

1926లో కికుయు అనే ఊళ్ళో అలయన్స్ హైస్కూల్ పెట్టారు. ప్రొటెస్టెంట్ మిషన్లన్నీ కలిసి పెట్టింది కాబట్టి ఆ పేరు. దేశంలో ఆఫ్రికా పిల్లలకి మొదటి సెకండరీ బడుల్లో ఒకటి. తర్వాతి కాలపు మంత్రులు, అధికారులు చాలామంది అక్కడినుంచే వచ్చారు. కానీ ఏడాదికి చేర్చుకునేది గుప్పెడు మందిని. మిగతా లక్షలమంది సంగతేంటి?

పలక_బలపం:

ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాను. ఆ మసేనో పిల్లల సంగతి చదివి కళ్ళు చెమర్చాయి బాబూ. కొనసాగించండి.

కొత్తగా_చేరా:

నాకొక డౌట్. ఎక్కడో చదివాను, 1929లో కెన్యాలో జనం మిషన్ బడులు వదిలేసి వెళ్ళిపోయారని, దానికి కారణం ఆడపిల్లలకి సున్తీ చేయడం మానమని మిషన్లు అన్నాయని. మరి అందులో మిషన్లు అన్నదే కరెక్ట్ కదా? దాన్ని మనం పోరాటం అని ఎలా పొగుడుతాం?

ఓరుగల్లు_చరిత్ర:

సూటిగా అడిగారు, సంతోషం. ఆ ఆచారం ఆడపిల్లల ఒంటికి చేసే హాని. దాన్ని ఏ పేరుతోనూ సమర్థించను. కెన్యాలో ఇప్పుడది నేరం, దాన్ని ఆపడానికి పోరాడినవాళ్ళలో కెన్యా ఆడవాళ్ళే ముందున్నారు.

కానీ 1929లో జరిగింది వేరే. మిషన్లు ప్రచారం చేసి ఒప్పించే దారి వదిలి, ఆ ఆచారాన్ని విడిచిపెట్టామని ప్రమాణపత్రం మీద వేలిముద్ర వేయమన్నాయి. దాన్ని కిరోరె అంటారు, అంటే వేలిముద్రే. వెయ్యని టీచరుకి ఉద్యోగం లేదు, వెయ్యని ఇంటి పిల్లలకి బడి లేదు. అప్పటికే భూములు తెల్ల సెటిలర్లకి పోయాయి, మెడలో లోహపు గొట్టంలో గుర్తింపు కాగితం, కిపాండె, వేలాడదీసుకుని తిరగాల్సిన రోజులు. ఇంకో కాగితం, ఇంకో వేలిముద్ర అనేసరికి జనానికి అది భూమి లాక్కోడానికేనేమో అని కూడా భయం పట్టుకుంది. ఆడపిల్లల మేలు కోరి మొదలుపెట్టిన పని, ఆ ఆడపిల్లలనే బడికి దూరం చేసింది. ఆ రోజుల్లో వాళ్ళనెవరూ మీకేం కావాలి అని అడగలేదు, అటువాళ్ళూ అడగలేదు, ఇటువాళ్ళూ అడగలేదు.

నాకు ఆశ్చర్యం వేసేది ఆ తర్వాత జరిగింది. మిషన్‌ని వదిలేసినవాళ్ళు చదువుని వదల్లేదు. సొంతంగా బడులు కట్టుకున్నారు. 1934కల్లా కికుయు ఇండిపెండెంట్ స్కూల్స్ అసోసియేషన్ అని ఒకటి ఏర్పడింది. కికుయు అంటే ఊరి పేరే కాదు, ఆ జనం పేరూ, వాళ్ళ భాష పేరూ అదే. ఇంకో పక్క కరింగా సంఘం, అంటే స్వచ్ఛమైనవాళ్ళు అని అర్థం, వాళ్ళు ప్రభుత్వంతో ఏ రాజీ లేకుండా నడిపారు. మొదటి సంఘంవాళ్ళు సర్కారు సిలబస్సే చెప్పారు, సర్కారుతో మాట్లాడుకునే నడిపారు. బడుంటే సరిపోదు, పంతుళ్ళు కావాలి కదా. 1939లో గిథుంగురిలో టీచర్ల కాలేజీ పెట్టారు. పెట్టినాయన ఎంబియు కొయినాంగె, అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చినవాడు. డబ్బు ఎలా వచ్చిందనుకుంటున్నారు? కికుయుల్లో ఒకే ఈడు వాళ్ళంతా ఒక జట్టు, దాన్ని రీకా అంటారు. ఒక్కో జట్టూ ఇంత అని వేసుకుని, పక్క జట్టు కంటే తక్కువ ఇవ్వకూడదని పోటీపడి ఇచ్చారు. ఆడపిల్లల హాస్టలు కోసం ఆడవాళ్ళు విడిగా చందాలు పోగు చేశారు. 1946లో ఇంగ్లండు నుంచి తిరిగొచ్చిన జోమో కెన్యాట్టా, తర్వాత దేశాధ్యక్షుడైనాయన, మరుసటేడు ఆ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యాడు.

నైరోబీ_వాసి:

ఇది చదివి రాత్రే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను, నానమ్మ దగ్గరున్నదే, స్పీకర్లో పెట్టింది. ఆవిడ కికుయులో చెప్తుంటే ఈ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది.

వాళ్ళ ఊళ్ళో అలాంటి సొంత బడి ఉండేదట. మట్టి గోడలు, పైన గడ్డి. ఏటా సెలవుల్లో గోడలు మెత్తేవాళ్ళు. మగవాళ్ళు మట్టి తొక్కితే ఆడపిల్లలు వాగునుంచి సొరకాయ బుర్రల్లో నీళ్ళు మోసేవాళ్ళు. ఈవిడ ఏడెనిమిదేళ్ళప్పటి నుంచీ ఆ బడికి నీళ్ళు మోసింది. కానీ బడిలో చేరింది ఆవిడ కాదు, అన్న. ఇంట్లో ఒక్కరి ఫీజుకే డబ్బుంది. అన్న రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని గట్టిగా చదువుతుంటే వినేదాన్ని, అందుకే ఇప్పటికీ ఇంగ్లీషులో ఒకటినుంచి ఇరవై దాకా వచ్చు అంది. ఫోన్లోనే చెప్పింది కూడా. వన్, టూ, త్రీ... పదమూడు దగ్గర తడబడింది, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

1952 అక్టోబర్లో బ్రిటిష్ సర్కారు ఎమర్జెన్సీ పెట్టాక ఆ బడి మూసేశారు. ఒక్క వాళ్ళ ఊరిదే కాదు, వందకు పైగా బడులు. బ్రిటిష్‌వాళ్ళ మీద లేచిన మావు మావు తిరుగుబాటుకి ఇవే పుట్టిళ్ళు అని అనుమానం. గిథుంగురి కాలేజీని మూసేసి ఆ ఆవరణలోనే తిరుగుబాటుదారుల్ని ఉరితీశారు. టీచర్లు తయారవ్వాల్సిన చోట ఉరికొయ్యలు పెట్టారంటే తలుచుకుంటేనే ఏదోలా ఉంది. ఈవిడ అన్నని డిటెన్షన్ క్యాంపుకి తీసుకెళ్ళారు. నాలుగేళ్ళకి వచ్చాడు, మళ్ళీ పుస్తకం పట్టలేదు.

మిషన్_బడి_పిల్లాడు:

నాకు ఈ భాగం తెలియదండీ. నిజంగా తెలియదు. మిషన్ బడి మీద నా కృతజ్ఞత మారదు, కానీ ఆ ముసలావిడ నీళ్ళు మోసిన బడి గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి.

పలక_బలపం:

భాష గురించి నేనొక మాట చెప్పాలి, నా సర్వీసంతా ఆ గొడవే కాబట్టి.

కెన్యా రచయిత న్గుగి వా థియోంగో పోయినేడాది, 2025 మే నెలలో కాలం చేశారు. ఆయన మనకి కొత్తవాడు కాదు, వరవరరావు గారు జైల్లో ఉండగా ఆయన నవలని తెలుగు చేశారు. న్గుగి చిన్నప్పుడు చదివింది ఇలాంటి కికుయు సొంత బడిలోనే. ఎమర్జెన్సీ రాగానే ఆ బడుల్ని సర్కారు తీసుకుంది. అప్పటినుంచి బడి ఆవరణలో కికుయు మాట్లాడితే శిక్ష. ఎలాగంటే, పొద్దున ఒక పిల్లాడి చేతికి బొత్తాం ఒకటి ఇస్తారు. ఎవడు సొంతభాషలో మాట్లాడుతూ దొరికితే వాడి చేతిలో దాన్ని పెట్టాలి. వాడు ఇంకొకణ్ణి పట్టుకుని అంటగట్టాలి. సాయంత్రం అది ఎవరి దగ్గరుంటే వాడు, ఎవరు తనకిచ్చారో చెప్తాడు, వాడు ఇంకొకడి పేరు చెప్తాడు, అలా రోజంతా మాట్లాడినవాళ్ళందరూ బయటపడతారు. బెత్తం దెబ్బలు, లేదా నేను గాడిదని అని రాసిన రేకు మెడలో. పక్కనోడు అమ్మభాషలో ఎప్పుడు నోరు జారుతాడా అని కాచుక్కూర్చోవడం పిల్లలకి నేర్పారు. ఫ్రెంచి కాలనీల్లోనూ ఇదే పద్ధతి, అక్కడ దాన్ని సింబోల్ అనేవాళ్ళు.

మన కడప జిల్లాలో 2009లో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన వార్త చదివిన రోజు నేను అన్నం తినలేదు. అక్కడ దొరలు చేశారు, ఇక్కడ మనమే చేసుకున్నాం.

ఓరుగల్లు_చరిత్ర:

మాస్టారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఇందులో ఒక చిక్కుముడి ఉంది, అది కూడా ఇక్కడ ఉండాలి. అంతకుముందు, 1920లు 30లలో, చిన్న క్లాసుల్లో స్థానిక భాషలోనే చెప్పాలన్నది సర్కారూ మిషన్లే. మాకు ఇంగ్లీషు త్వరగా మొదలుపెట్టండి అని పట్టుబట్టింది జనం. ఎందుకంటే ఇంగ్లీషు రానివాడు గుమాస్తా కూడా కాలేడు, భూమి కేసులో కోర్టు కాగితం చదవలేడు. సొంతభాషలో బడి అంటే మమ్మల్ని కిందే ఉంచడానికి వేసిన ఎత్తు అని వాళ్ళకి అనిపించింది, ఆ అనుమానంలో తప్పు లేదు. ఆ తర్వాత 1950లలో అదే ఇంగ్లీషుని బెత్తంతో రుద్దారు. రెండుసార్లూ పిల్లాడి తల్లిదండ్రులు ఏమంటున్నారన్నది ఎవరికీ పట్టలేదు.

ఇంకోటి. 1949లో బీచర్ రిపోర్టు వచ్చింది. నాలుగేళ్ళ ప్రైమరీ తర్వాత పరీక్ష, అందులో వడకట్టి కొందరికే పై నాలుగేళ్ళు, మళ్ళీ పరీక్ష, మళ్ళీ వడపోత. పదేళ్ళ పిల్లాడికి నీ చదువు అయిపోయింది అని చెప్పడం. ఎమర్జెన్సీకి ముందు జనంలో రగిలిన కోపానికి భూమి ఎంత కారణమో ఇది కూడా అంత కారణం అని నా అభిప్రాయం.

డర్బన్_కోడలు:

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది రాజమండ్రి, పెళ్ళయ్యాక పద్నాలుగేళ్ళుగా దక్షిణాఫ్రికాలో డర్బన్‌లో ఉంటున్నాం.

ఇక్కడ 1953లో బంటు ఎడ్యుకేషన్ చట్టం తెచ్చారు. మిషన్ల చేతిలోని నల్లపిల్లల బడుల్ని సర్కారు తీసేసుకుంది, ఒప్పుకోని మిషన్లకి గ్రాంటు కట్. అంచేత కొన్ని మంచి బడులు మూసుకోవాల్సొచ్చింది. అప్పటి మంత్రి వెర్వుర్ట్ బహిరంగంగానే చెప్పాడు, కొన్ని రకాల కూలిపనులు దాటి నల్లవాళ్ళకి తెల్ల సమాజంలో చోటు లేదు, అందుకు తగ్గ చదువు చాలు అని. వేరేచోట్ల ఇదే మాటని మెత్తగా చెప్పారు, ఇక్కడ చట్టం తెచ్చి మరీ అమలుచేశారు. మిషన్ బడి గురించి రాసిన అన్నయ్యగారూ, మీ మాట ఇక్కడ బాగా పనికొస్తుంది: ఈ చట్టం వచ్చాక మిషన్ బడులే నయమని ఏడ్చినవాళ్ళు చాలామంది.

తర్వాత సగం సబ్జెక్టులు ఆఫ్రికాన్స్‌లో, అంటే పాలించే తెల్లవాళ్ళ భాషలో, చెప్పాలన్నారు. టీచర్లకే ఆ భాష సరిగా రాదు. లెక్కలు అర్థంకాని భాషలో చెప్తే పిల్లాడేం చేస్తాడు? 1976 జూన్ 16న సొవెటోలో పిల్లలు యూనిఫాంలోనే రోడ్డెక్కారు. పోలీసులు కాల్చారు. హెక్టర్ పీటర్సన్ అనే పన్నెండేళ్ళ బాబు చనిపోయాడు, ఆ నెలల్లో మొత్తం వందలమంది. ఇప్పుడు జూన్ 16 ఇక్కడ సెలవు, యూత్ డే అంటారు. మా పాప బళ్ళో ఆ వారం పాత యూనిఫాం వేసుకుని వెళ్తారు.

మనవాళ్ళ సంగతి కూడా చెప్తాను. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో మొదటి కూలీలు వచ్చారు. ఆ తర్వాత ఓడల్లో విశాఖ, గంజాం, ఆర్కాటు వైపు తెలుగువాళ్ళు చాలామంది. చెరకుతోటల్లో పిల్లలకి బడి ఎవరు పెడతారు? తామే చందాలేసుకుని కట్టారు, సర్కారు కొంత గ్రాంటు ఇచ్చేది, వాటిని ఎయిడెడ్ బడులు అంటారు. మా అత్తగారు చదివింది అలాంటి దాంట్లోనే, పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్, గదులు చాలక. సాయంత్రం గుడి వెనక షెడ్డులో తెలుగు అక్షరాలు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని ఆ సాయంత్రం బడుల్ని నిలబెట్టారు. ఆవిడకి ఇప్పుడు తెలుగు మాట్లాడటం అంతంతమాత్రమే, కానీ రామదాసు కీర్తన పుస్తకం చూసి చదువుతుంది. నైరోబీ అన్నయ్యా, మీ ముసలావిడ డబ్బా గురించి చదవగానే ఆవిడే గుర్తొచ్చింది.

దార్_తెలుగోడు:

టాంజానియా గురించి నాలుగు ముక్కలు.

ఇక్కడ కథ వేరే దారిలో నడిచింది. జర్మన్లున్నప్పుడే టాంగాలో స్వాహిలీలో సర్కారు బడి పెట్టారు. కాబట్టి మిషన్‌తో పనిలేని బడి, అందరికీ అర్థమయ్యే ఒక భాష, రెండూ ముందే ఉన్నాయి. అధ్యక్షుడు న్యెరెరె స్వయంగా బడిపంతులు, పుగు అనే ఊళ్ళో పాఠాలు చెప్పాడు. ఇప్పటికీ ఆయన్ని పేరుపెట్టి పిలవరు, మ్వలిము అంటారు, మాస్టారు అని. మన మాస్టారికి ఈ ముక్క నచ్చుతుంది.

1967లో ఆయన చదువు మీద ఒక విధానం ప్రకటించాడు. బడి అనేది కొద్దిమందిని ఊరినుంచి ఎత్తుకుపోయే నిచ్చెనలా ఉండకూడదు, ఊళ్ళో ఉండే అందరికీ పనికిరావాలి అని. ప్రతి బడికీ పొలం. ప్రైమరీ మొత్తం స్వాహిలీలో. 1974లో నిర్ణయం తీసుకుని 1977కల్లా పిల్లలందరికీ ప్రైమరీ అన్నారు, పెద్దవాళ్ళకీ చదువు చెప్పారు. ఆ రోజుల్లో ఆఫ్రికాలో అక్షరాస్యత బాగా పెరిగిన దేశాల్లో ఇదొకటి. నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన అప్పుడు పొద్దున పిల్లలకి చెప్పి సాయంత్రం వాళ్ళ తల్లులకి చెప్పేవాడట.

కానీ లోపం కూడా చెప్పాలి. సెకండరీ సీట్లు బాగా తగ్గించి ఉంచారు, పైగా అది ఇంగ్లీషులో. ఏడేళ్ళు స్వాహిలీలో చదివిన పిల్లాడు ఒక్కసారిగా ఇంగ్లీషులో బయాలజీ వింటాడు. ఇప్పటికీ మా వీధిలో ఆ పిల్లల టెన్షన్ చూస్తుంటా. బడి పొలం గురించి కూడా తల్లిదండ్రులు, తవ్వడం మేమూ నేర్పగలం, బడికి పంపింది దీనికా అనేవాళ్ళు. కిలిమంజారో వైపు కాఫీ డబ్బున్న చగ్గావాళ్ళు సొంతంగా సెకండరీ బడులు కట్టేసుకున్నారు. 80లలో దేశానికి డబ్బు లేక ఫీజులు మళ్ళీ వచ్చాయి, 2001లో గానీ ప్రైమరీకి తీసెయ్యలేదు.

కొత్తగా_చేరా:

ఎంత తెలియని విషయం! ఒక్కటి అడుగుతా. అంత చందా ఇచ్చి కట్టిన హరాంబీ స్కూల్లో ఆ నానమ్మగారి పిల్లలు చదివారా? ఏమయ్యారు?

నైరోబీ_వాసి:

అదే రాద్దామని కూర్చున్నా.

1963 డిసెంబర్ 12న స్వాతంత్ర్యం వచ్చింది. కెన్యాట్టా ఇచ్చిన నినాదం హరాంబీ, అందరం కలిసి లాగుదాం అని. సర్కారు దగ్గర డబ్బు లేదు, సెకండరీ బడులు తక్కువ, ప్రైమరీ పాసైన పిల్లలు వేలకి వేలు. దాంతో ఊళ్ళు ఊళ్ళే బడులు కట్టడం మొదలుపెట్టాయి. మీరు కడితే మేం టీచర్లనిస్తాం అని సర్కారు ఆశ పెట్టింది. 60ల చివరికొచ్చేసరికి సర్కారు సెకండరీ బడుల కంటే హరాంబీ బడులే ఎక్కువ. ఆదివారం చర్చి అయ్యాక సభ, ఎమ్మెల్యే స్థాయి నాయకుడొచ్చి ముందు తన నోటు వేసి, తర్వాత ఒక్కొక్కరి పేరూ పిలిచేవాడు. కోడి తెచ్చినవాళ్ళ కోడిని అక్కడే వేలం వేసేవాళ్ళు.

బాధేంటంటే, వీటిలో చేరేది సర్కారు బడిలో సీటు రాని పిల్లలు. ఫీజు మాత్రం సర్కారు బడికంటే ఎక్కువ. ల్యాబ్ ఉండదు, ట్రైనింగ్ లేని టీచర్లు. కాఫీ, టీ పండే మా మురాంగా, న్యేరి వైపు ఊళ్ళకి కట్టుకునే శక్తి ఉంది. ఉత్తరాన తుర్కానా, సోమాలీలుండే ఎడారి జిల్లాలకి, మాసాయివాళ్ళకి మిషన్ బడులూ అంతంతే, చందా వేసే డబ్బూ లేదు. కోస్తాలో ముస్లింలు మిషన్ బడికి పంపితే మతం మారుస్తారని పంపలేదు. అంటే కాలనీ రోజుల్లో ముందున్న ప్రాంతమే హరాంబీతో ఇంకా ముందుకెళ్ళింది. జనం పడ్డ కష్టం నిజం, ఈ తేడా కూడా నిజం.

ఇక ఆవిడ పిల్లలు. పెద్దకొడుకు ఆ స్కూల్లో నాలుగేళ్ళు చదివి ఫారం ఫోర్, అంటే సెకండరీ ఆఖరి ఏడు, పరీక్ష తప్పాడు, మటాటు అనే ప్రైవేటు షేర్ వ్యాన్‌కి డ్రైవరయ్యాడు. కూతురు బాగా చదివేది. ఆవిడ గర్వంగా చెప్పింది, దానికి ఫారం త్రీలో ఫస్ట్ ర్యాంక్ అని. మధ్యలో ఫీజు బాకీ పడితే ఇంటికి పంపేసేవాళ్ళు. ఇక్కడ ఇది మామూలు మాట, సెంట్ హోమ్ ఫర్ ఫీజ్. పిల్ల పెట్టె నెత్తినపెట్టుకుని నడిచొచ్చేది, ఇంట్లో టీ ఆకు అమ్మి డబ్బు సర్దేసరికి రెండు వారాలు, మళ్ళీ వెళ్ళేది. ఒకసారి వచ్చాక మళ్ళీ వెళ్ళలేదు. ఆ పెట్టె ఇంకా ఉంది ఇంట్లో, మొక్కజొన్న విత్తనం పోసుకుంటున్నారు.

ప్రైమరీ సంగతి కూడా ఇలాగే. 1974లో మొదటి నాలుగు క్లాసులకి ఫీజు తీసేశారు. పిల్లలు ఎగబడ్డారు. గదులు లేవని బడులు బిల్డింగ్ ఫండ్ అని వేరే వసూలు మొదలుపెట్టాయి, చాలాచోట్ల అది పాత ఫీజుని మించిపోయింది. 1985లో 8-4-4 అని కొత్త పద్ధతి, ప్రైమరీ ఎనిమిదేళ్ళు, సెకండరీ నాలుగు, యూనివర్సిటీ నాలుగు; వడ్రంగం, వ్యవసాయం మళ్ళీ పరీక్షలోకొచ్చాయి, వాటికి వర్క్‌షాపులు కట్టే భారం మళ్ళీ తల్లిదండ్రులదే. 80ల చివర్లో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ షరతుల కాలంలో కాస్ట్ షేరింగ్ అన్నారు, పుస్తకాల దగ్గరనుంచి అన్నీ ఇంటిమీదే.

2003 జనవరిలో కొత్త అధ్యక్షుడు కిబాకి సర్కారు ప్రైమరీ మొత్తం ఫ్రీ చేసింది. 59 లక్షలున్న పిల్లలు ఆ ఏడే 72 లక్షలయ్యారు. మా ఆఫీసమ్మాయి అప్పుడు నాలుగో క్లాసు, ఒక్క గదిలో నూటపదిమంది, కిటికీలో కూర్చున్నా అంది. మరుసటేడు ఎల్డొరెట్‌లో కిమాని మరుగే అనే 84 ఏళ్ళ ముసలాయన, పాత మావు మావు యోధుడు, ఫ్రీ అన్నారుగా అని ఒకటో క్లాసులో చేరాడు. పొడుగు ప్యాంటుని కోసి నిక్కరు చేసుకుని, మేజోళ్ళు మోకాళ్ళదాకా లాక్కుని, మనవల ఈడు పిల్లల మధ్య కూర్చున్నాడు. బైబిల్ నేనే చదువుకోవాలి, డబ్బు నేనే లెక్కపెట్టుకోవాలి అన్నాడు. ఆయన ఫొటో చూపిస్తే ఈ డబ్బా నానమ్మగారు, తెలుసు తెలుసు, మా అన్న కూడా అలా వెళ్ళుంటే బాగుండేది అంది.

గోండార్_లెక్చరర్:

ఇథియోపియాలో ఆరేళ్ళు పాఠాలు చెప్పొచ్చాను. మన ఆంధ్ర, తెలంగాణ నుంచి చాలామంది లెక్చరర్లు అక్కడి యూనివర్సిటీల్లో పనిచేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. అది కాలనీ కాదు, 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆక్రమణ మాత్రమే. కానీ ఆ ఐదేళ్ళు చాలు. 1937 ఫిబ్రవరిలో ఇటలీ తరఫున పాలిస్తున్న గ్రాజియాని మీద బాంబు దాడి జరిగాక చదువుకున్న కుర్రాళ్ళని ఏరి మరీ చంపారు. యుద్ధం తర్వాత చక్రవర్తి హైలే సెలాసీ బడులు మళ్ళీ మొదలుపెడితే టీచర్లే లేరు, అందుకే ఇండియా నుంచి పిలిపించాడు. మా హెడ్డాఫ్ ది డిపార్ట్‌మెంట్ తనకి లెక్కలు చెప్పింది ఇండియన్ టీచరే అని మొదటిరోజే చెప్పి కాఫీ ఇప్పించాడు.

దార్ మిత్రుడు చెప్పిన భాష సమస్య నేను రోజూ చూశాను. నేను ఇంగ్లీషులో చెప్తా, పిల్లలు తల ఊపుతారు. బెల్ కొట్టాక ఒకడు లేచి మిగతావాళ్ళకి అక్కడి భాష అమ్హరిక్‌లో మళ్ళీ చెప్తాడు, అసలు క్లాసు అప్పుడు మొదలవుతుంది. కొన్నాళ్ళకి నేనూ వెనక బెంచీలో కూర్చుని వినడం మొదలుపెట్టాను.

మిషన్_బడి_పిల్లాడు:

ఆడపిల్లల గురించి ఇంకా ఎవరైనా రాస్తారా? ఆ కూతురు ఫారం త్రీలో ఆగిపోయిన సంగతి మనసులోంచి పోవట్లేదు.

ఓరుగల్లు_చరిత్ర:

అలయన్స్ బాలుర బడి 1926లో వస్తే బాలికలది 1948లో వచ్చింది అన్నా. ఇరవై రెండేళ్ళ తేడా. వంగారి మాతాయ్ తెలుసుగా, 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినావిడ. ఆవిడ బడికెళ్ళడానికి కారణం ఒక్క ప్రశ్న. వాళ్ళన్న ఒకరోజు అమ్మని అడిగాడు, మేమంతా వెళ్తున్నాం, వంగారి ఎందుకు వెళ్ళట్లేదు అని. అమ్మ ఆలోచించి, అవును, ఎందుకెళ్ళకూడదు అంది. అంతే. బంధువుల అబ్బాయి ఒకడు నోటుబుక్కులో ఏదో రాసి, రబ్బరుతో చెరిపేసి చూపిస్తే, అక్షరం వచ్చి మాయమవడం చూసి ఎప్పుడు నేర్చుకుంటానా అనిపించిందట. తర్వాత 1960లో కెన్యా కార్మిక నాయకుడు టామ్ ఎంబోయా వాళ్ళు అమెరికాకి విమానాల్లో పంపిన విద్యార్థుల్లో ఆవిడా ఉంది. ఆ అన్న ఆ రోజు అడక్కపోతే? ఎన్ని ఇళ్ళల్లో ఎవరూ అడగలేదో.

కొత్తగా_చేరా:

నైరోబీ అన్నా, ఆ రసీదులు ఫొటో తీసి పెట్టగలరా? పాతబడి పోతాయేమో.

నైరోబీ_వాసి:

నిన్న మళ్ళీ వెళ్ళి అన్నీ ఫొటోలు తీశాను. మొత్తం ముప్ఫై ఒకటి ఉన్నాయి. రెండింటి మీద స్టాంపు వెలిసిపోయింది, ఒకటి చెదలు తిన్నది. ఇక్కడ పెట్టడానికి ఆవిడ వద్దంది, ఇంటి పేర్లున్నాయి కదా, గౌరవిద్దాం.

ఫొటోలు తీస్తూ ఒక్కొక్కటీ చదివితే అప్పుడు గమనించాను. డబ్బు తెచ్చింది ఆవిడ. టీ ఆకు కోసి, కోళ్ళు అమ్మి, ఆ మేకని తోలుకెళ్ళిందీ ఆవిడే. ముప్ఫై ఒక్క రసీదుల మీదా రాసి ఉన్నది భర్త పేరు. మా ఆఫీసమ్మాయి చదివి వినిపించింది. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మేక రసీదు మనవరాలి చేతికిచ్చి, పెన్ను తీసి దీనిమీద నా పేరు కూడా రాయి అంది. రాసింది. ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఎడమనుంచి కుడికి నెమ్మదిగా జరుపుతూ చూసుకుని, మళ్ళీ మడతపెట్టి డబ్బాలో వేసింది.